గుర్రాన్ని అడిగే మనిషి

నేను జీవితంలో గుర్రం ఎక్కింది ఒక్కసారి. పడింది మూడుసార్లు. మిగతా రెండుసార్లూ ఎక్కకుండానే ఎలా పడ్డావని అడగొద్దు. ఏడో తరగతిలోంచి కూడా నేను అలాగే పడ్డాను, లోపలికి సరిగ్గా వెళ్ళకుండానే.

అలాంటివాణ్ణి రెండేళ్ళపాటు ఒక గుర్రంలో సగానికి యజమానిగా ఉన్నాను. ఏ సగంరా నీది అని మావాళ్ళు అడిగేవారు. పెళ్ళి రోజున గుర్రం మొత్తం నాదే, లద్దె ఎత్తే వేళకి మాత్రం సగమే నాది అని చెప్పేవాణ్ణి.

మొన్న నక్కపల్లి దగ్గర ఒక పెళ్ళికి వెళ్ళాను. ఊరేగింపులు కట్టడం నా పని: బ్యాండు, లైట్లు, గొడుగులు. పెళ్ళికొడుకు వాళ్ళే ఎక్కడినుంచో గుర్రాన్ని తెప్పించుకున్నారు. దాన్ని తెచ్చినవాడు కళ్ళెం పట్టుకుని లాగుతున్నాడు. అది మెడ బిగించి కదలనంటోంది. నాకే తెలియకుండా నా కుడిచెయ్యి ముందుకు వెళ్ళి, అరచెయ్యి తెరుచుకుని, దాని ముక్కు ముందు ఆగింది.

"ఏటి బాబూ, జాతకం సెప్పించుకుంతావేటి దానిసేత?" అన్నాడు గుర్రంవాడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆ చెయ్యి నాది కాదు. మా మామది.

మామ అంటే చుట్టం కాదు. అనకాపల్లిలో మగవాళ్ళం పేర్లు వాడితే అరిగిపోతాయన్నట్టు బావా, మామా అనుకుంటూనే బతికేస్తాం. ఆయన్ని పేరు పెట్టి పిలిస్తే ఆయనే పలికేవాడు కాదు, కాబట్టి ఇక్కడ కూడా పిలవను.

స్టేషను దగ్గర జట్కా తోలిన ఆఖరి మనుషుల్లో ఆయనొకడు. ఆటోలొచ్చి జట్కాని తినేశాక బెల్లం మార్కెట్టులో దిమ్మలు మోశాడు. మోయలేని వయసు వచ్చాక ఇంటి పక్క పాకలో ఖాళీగా కూర్చున్నాడు. ఆ పాకలో ఒకప్పుడు ఆయన గుర్రం ఉండేది. గుర్రం పోయి పాతికేళ్ళయినా ఆ పాకలో కట్టెలు కూడా పెట్టనిచ్చేవాడు కాదు.

ఎవరైనా ఎదురొస్తే ముందు పాదాలు చూసేవాడు, తరవాతే మొహం. "మొకం అబద్ధం సెప్తాదిరా, మడమ సెప్పదు" అనేవాడు. నా మడమలు చూసి ఏమనుకున్నాడో ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు. "సూద్దాం" అన్నాడు. ఆయన భాషలో సూద్దాం అంటే వద్దు అని అర్థం. వద్దు అన్న మాట మాత్రం ఆయన నోట నేను ఎప్పుడూ వినలేదు.

ఆయన దగ్గర నాకు అన్నిటికన్నా నచ్చింది వేరే ఉంది. మనుషులందరినీ ఒరే, ఏరా అనే మనిషి గుర్రాన్ని మాత్రం మీరు అనేవాడు. "రండి తల్లీ." "పాదం ఎత్తండి." "కొంచిం పక్కకి జరగండి, ఈడికి బుర్ర నేదు, తొక్కీగలరు." చివరి మాటలో ఈడు నేను. గుర్రానికి అప్పటికి ఆరేళ్ళు. నాకు నలభై.

ఆ గుర్రం సంగతి చెప్పాలి. పెళ్ళికొడుకులందరికీ గుర్రం పిచ్చి పట్టిన కాలంలో ప్రతిసారీ విశాఖపట్నం నుంచి అద్దెకి తెప్పించి విసిగిపోయాను. సొంతంగా కొందామంటే గుర్రానికి ఏ చివర గడ్డి పెట్టాలో కూడా తెలియదు నాకు. మామకి అన్నీ తెలుసు, పాక ఉంది, గుర్రం లేదు. చెరి సగం వేసుకుని రాజమండ్రి అవతలినుంచి ఒక తెల్లటి ఆడగుర్రాన్ని తెచ్చాం. ముహూర్తం ఉన్న రోజులు నావి. మిగతా రోజులన్నీ ఆయనవి. ఈ ఒప్పందానికి సాక్షి మాడుగులలో ఉండే ఆయన కూతురు. నాకు వరసకి మరదలు. ఒప్పందం విని కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వుకి అర్థం, ఏడాదికి ముహూర్తాలెన్నో లెక్కపెట్టుకున్నాక గానీ నాకు తెలియలేదు.

నా రోజుల్లో ఆ గుర్రానికి జరీ జీను, అద్దాల పట్టీలు, కాళ్ళకి గజ్జెలు. నా కార్డు మీద దాని పేరు మహారాణి. ఆయన రోజుల్లో దానికి పేరే లేదు. "పెద్దోల్లని పేరెట్టి పిలుత్తావేటిరా?" అన్నాడు ఒకసారి.

"పోనీ, నీ రోజుల్లో దాన్తో ఏటి సేత్తావు మామా?" అని అడిగాను.

"ఏటి సేత్తాం? నడుత్తాం."

నిజంగా అంతే. పొద్దున్నే తువ్వాలు నడుముకి బిగించి, తాడు వదులుగా పట్టుకుని, చెరకుతోటల మధ్య బండిదారిలో ఇద్దరూ శారదా నది దాకా వెళ్ళేవారు. స్నానం చేయించి మళ్ళీ నడుచుకుంటూ వచ్చేవారు. ఎక్కడం అన్నది లేదు. "నాను తోలినోణ్ణిరా, ఎక్కినోణ్ణి కాదు" అనేవాడు. బీడీ తాగాలంటే గుర్రానికి నలభై అడుగులు దూరం వెళ్ళేవాడు, లెక్కపెట్టుకుంటూ. పొగ దానికి పడదట. మాకు పడుతుందో లేదో ఎప్పుడూ అడగలేదు.

మొదటి పెళ్ళి మా ఊళ్ళోనే. గవరపాలెం పెళ్ళికొడుకు, పొద్దుటి ముహూర్తం. బ్యాండు మోగింది, గుర్రం దర్జాగా నాలుగు అడుగులు వేసింది, పెళ్ళికొడుకు స్నేహితులు చేతులు పైకెత్తి గెంతడం మొదలుపెట్టారు. గుర్రం ఆగిపోయింది.

అదిలించాను. కదల్లేదు. కుర్రాళ్ళు అలిసి చేతులు దించారు. కదిలింది. మళ్ళీ ఎత్తారు. మళ్ళీ ఆగింది. పెళ్ళికొడుకు నాయనమ్మ దీవించడానికి అరుగు మీంచి చెయ్యి ఎత్తింది. ఆవిడ దీవెన అయ్యేదాకా నిలబడింది. జంక్షన్లో ట్రాఫిక్ కానిస్టేబుల్ చెయ్యి చూపించాడు. ఆ రోజు అనకాపల్లిలో పోలీసు చేతికి ఆగింది మా గుర్రం ఒక్కటే.

నేను ముందు పరిగెడుతూ "చేతులు దించండి బాబూ, చేతులు దించండి!" అని అరవాల్సి వచ్చింది. కుర్రాళ్ళు పాపం చేతులు కట్టుకుని గెంతారు. బ్యాండు లేకపోతే ఎవరో పోయారనుకునేవాళ్ళు. ముహూర్తం దాటిపోతోందని పంతులుగారు మండపం నుంచి ఒక మనిషిని పంపారు. ఆ మనిషి దూరంనుంచే చెయ్యి ఊపుకుంటూ వచ్చాడు.

సాయంత్రం గుర్రాన్ని పాకకి తోలుకెళ్ళి, "దీనికేటి నేర్పేవు మామా నువ్వు?" అని అడిగాను.

"సెయ్యెత్తితే ఆగడం. జట్కాకి ముందు నేర్పీది అదే. బేరం పోకూడదు కదా."

"జట్కా ఏది?"

ఆయన గుర్రం కాళ్ళ గజ్జెలు విప్పుతూనే ఉన్నాడు. "సెయ్యెత్తినోణ్ణి దాటీసి ఎల్లిపోడం మరియాద కాదురా" అన్నాడు.

మర్నాటినుంచి నేను మర్యాద మాన్పించే పని పెట్టుకున్నాను. చేతిలో చెరకు ఆకు పట్టుకుని, ఇంకో చెయ్యి పైకెత్తి, ఆగకుండా నడిస్తే ఆకు ఇచ్చేవాణ్ణి. నేను ముహూర్తం రోజున నేర్పింది ఆయన ముహూర్తం లేని రోజున చెరిపేసేవాడు. అది రెండు బళ్ళలో చదువుకునే పిల్లలా తయారైంది, ఏ మాస్టారు కనబడితే ఆ పాఠం. ఇద్దరం ఒకేసారి కనబడితే పాపం కళ్ళు మూసుకునేది.

ఇక ఆ అరచెయ్యి. జీను వేసే ముందు ఆయన దాని ముందు నిలబడి చెయ్యి తెరిచి ముక్కు దగ్గర పెట్టేవాడు. చేతిలో ఏమీ ఉండదు. అది మూతి ఆనించి ఊపిరి వదిలితే సరేనన్నట్టు. తల పక్కకి తిప్పేస్తే ఆ రోజు పని లేనట్టు. "సరేనంతన్నారు, ఎయ్యి జీను" అనేవాడు నాతో. ఏడాదిన్నర పాటు అది ఎప్పుడూ కాదనలేదు. అదేదో ఆయన పూజ అనుకున్నాను. ఎవరి పూజ వారిది, మనకెందుకు అని ఊరుకున్నాను.

మాఘమాసంలో మాడుగుల పెళ్ళి ఒకటి తగిలింది. హల్వా కొట్టు ఆసామి కొడుకు. అంత పెద్ద ఊరేగింపు నేను అదివరకు కట్టలేదు. పొద్దున్నే గుర్రాన్ని ఎక్కించడానికి వ్యాను వచ్చి పాక ముందు నిలబడింది. మామ చెయ్యి చాపాడు. గుర్రం తల తిప్పేసింది.

కాసేపాగి ఇటువైపు వచ్చి మళ్ళీ చాపాడు. మళ్ళీ తిప్పింది.

"ఈయాల రారంట" అన్నాడు మామ.

"రారంటేటి మామా? అక్కడ పెళ్ళికొడుకు తలపాగా కట్టీసుకుని కూకున్నాడు!"

"కూకోమను."

డెక్కలు చూశాను. చెవులు చూశాను. పొట్ట నొక్కి చూశాను, అలా నొక్కితే ఏం తెలుస్తుందో తెలియకపోయినా. ఏమీ లేదు. తవుడు శుభ్రంగా తింటోంది. బతిమాలాను, అరిచాను, సెలవు చీటీ పెట్టిందా అని వెటకారం చేశాను. ఆయన దాని జూలు దువ్వుతూనే ఉన్నాడు. వ్యాను డ్రైవరు వినోదం చూస్తున్నాడు. నా నోటికి తాళం లేదని మా ఇంట్లోవాళ్ళు అనే మాట నిజమే. అనేశాను:

"గుర్రాన్ని ఇంత ఇదిగా అడుగుతన్నావు గదా, అత్త ఉన్నన్నాల్లూ ఒక్క పూటయినా ఇలగ అడిగేవేటి?"

ఆయన భార్య సంగతి నాకు తెలుసు. తెలియక అనలేదు. జట్కా ఉన్న రోజుల్లో గుర్రానికి గడ్డి కోసి తెచ్చేది ఆవిడే. ఒకరోజు గడ్డిమోపు దించి, గుమ్మం దగ్గర కూర్చుని, మళ్ళీ లేవలేదు.

మామ చేతిలో దువ్వెన ఆగింది. తువ్వాలు నడుము నుంచి విప్పి భుజాన వేసుకుని బయటికి వెళ్ళాడు. లెక్కపెడుతున్నట్టే నడిచాడు, నలభై. బీడీ తియ్యలేదు. అక్కడ కాసేపు నిలబడి వెనక్కి వచ్చాడు.

"నేదురా," అన్నాడు. "అడగనేదు. అడిగుంటే సెప్పీదేమో."

అంతే. మళ్ళీ దువ్వెన తీశాడు.

పెళ్ళికొడుకుని చెరకు లాగే ట్రాక్టరు మీద ఎక్కించాం. పూలు కట్టాం, ఇంజను ముందు గొడుగు పట్టాం. ఫోటోగ్రాఫరు పొంగిపోయాడు. ఆ చుట్టుపక్కల తరవాత ముగ్గురు పెళ్ళికొడుకులు నాకు ఫోను చేసి, గుర్రం వద్దు, ట్రాక్టరే కావాలన్నారు. నేను పరువు పోయిందనుకున్న చోట నాకు పేరొచ్చింది. అయినా అత్త గురించి నేనన్న మాట లోపల గుచ్చుకుంటూనే ఉంది. ఇక ఈ పొత్తు సాగదు. ఎనిమిది రోజులు ఆ వీధి వంక వెళ్ళలేదు. తొమ్మిదో రోజు తెంపుకుందామనే వెళ్ళాను.

ఫాల్గుణంలో వరసగా పెళ్ళిళ్ళు ఒప్పుకుని ఉన్నాను, గుర్రం నాకు కావాలి. ఆయనకెందుకు కావాలో ఎవరూ చెప్పక్కర్లేదు. అది వెళ్ళిపోతే పొద్దున్నే ఆ తువ్వాలు నడుముకి కట్టుకోవడానికి కారణం ఉండదు. పాతికేళ్ళు ఖాళీగా ఉన్న పాక మళ్ళీ ఖాళీ అవుతుంది, ఈసారి ఆయనతో సహా. ఇదంతా తెలిసీ, అడగాల్సిన మాటలు దారి పొడుగునా బట్టీ పట్టుకుంటూ వెళ్ళాను. ఆయన నన్ను మొదటి మాట కూడా అననివ్వలేదు.

"ఇద్దరం దాని బుర్ర తినీసేం," అన్నాడు. "ఎవులో ఒకలు ఒగ్గీయాల. నువ్వే తీసుకుపో. కాపోతే నువ్వే అడిగి తీసుకుపో. నీ సేత్తో."

ఇంత తేలికా అనుకున్నాను. చెయ్యి చాపాను. తల తిప్పేసింది.

రెండో రోజు వెళ్ళాను. తిప్పేసింది. మూడో రోజు, నాలుగో రోజు. పెళ్ళిచూపుల్లో కూడా నన్ను ఇన్నిసార్లు కాదనలేదు. మామ ఒక్కసారైనా నవ్వలేదు, మురిసిపోలేదు. గుర్రం వెనక నిలబడి, తనకి సంబంధం లేనట్టు కప్పు వంక చూసేవాడు. కానీ నేను చెయ్యి చాపిన ప్రతిసారీ ఆయన ఊపిరి ఆగేది. అది నాకు వినబడేది.

అనకాపల్లిలో పుట్టినవాడికి ఐదో రోజున బుర్రలో ఏం వెలుగుతుంది? బెల్లం. మార్కెట్టు మీంచి వస్తూ కొత్త దిమ్మ నుంచి ఒక పెచ్చు అడిగి తీసుకుని, అరచేతికి బాగా పట్టించి, పైకి కనపడకుండా తుడిచేశాను. చాపాను. అది ఊపిరి వదలడమేంటి, మోచెయ్యి దాకా నాకేసింది.

"సరేనన్నారు మామా!" అని కేక పెట్టాను. నా నోటి వెంట ఆ మీరు ఎలా వచ్చిందో నాకే తెలియదు.

మామ వచ్చి నా చెయ్యి పట్టుకుని వాసన చూశాడు. వేలితో గీకి నాలిక మీద వేసుకున్నాడు.

"ఒకటో రకం," అన్నాడు. మార్కెట్టులో దిమ్మలు మోసిన మనిషి కదా. "రంగు కలపనేదు. మంచి బెల్లమే." చెయ్యి వదిలేశాడు. "బెల్లం రాసీసి అడిగితే అది అడగడం కాదురా. కాదనడానికి దానికి సోటుంచాల గదా."

తిడతాడనుకున్నాను. తిట్టలేదు. తాడు విప్పి తెచ్చి నా చేతిలో పెట్టాడు. "మాటిచ్చేను. తీసుకుపో."

తీసుకుని నడిచాను. గుర్రం బుద్ధిగా వెనకే వచ్చింది, నా చెయ్యి నాకుతూ. వీధి మొగ దాకా వెళ్ళి ఎందుకో వెనక్కి చూశాను. మామ పాక ఊడుస్తున్నాడు. గుర్రం నిలబడే చోటు. ఊడ్చిన చోటే ఊడుస్తున్నాడు. అక్కడ అప్పటికే ఒక్క గడ్డిపరక లేదు.

నవ్వించి తప్పించుకునే అలవాటు నాది. ఆ రోజు కూడా జోకు కోసం వెతికాను. దొరకలేదు. గుర్రాన్ని వెనక్కి తిప్పాను.

"మామా, ఇది నా ఎనకాల రాట్లేదు. బెల్లం ఎనకాల వత్తంది," అని తాడు ఆయన చేతిలో పెట్టేశాను. "ఉంచీసుకో. ట్రాక్టరయితే ఎవుల్నీ అడగక్కర్లేదు నాను."

ఆయన తాడు రాటకి కట్టి లోపలికి వెళ్ళాడు. జరీ జీను, అద్దాల పట్టీలు, గజ్జెలు అన్నీ ఒక మూటగా తెచ్చి, నేను చూస్తుండగానే ఎత్తి నా నెత్తిన పెట్టాడు. "పొత్తు ఇడిపోయినప్పుడు ఎవుల వాటా ఆలకెల్లాల. ఇది నీది. సుబ్బరంగా తీసుకుపో."

మెడ విరిగేలా ఉంది. అలాగే మోసుకుంటూ మెయిన్ రోడ్డు మీంచి వచ్చాను. టీకొట్టు దగ్గర మావాళ్ళు, "గుర్రం ఏదిరా?" అని అరిచారు.

"కిందుంది," అన్నాను.

ఆ తరవాత ఏడాదిన్నర ఆయన్ని దూరంనుంచే చూశాను. చెరకుతోటల దారిలో ఇద్దరూ ఒకే నడకతో వెళ్ళేవారు, ఎవరు ఎవరిని తీసుకెళ్తున్నారో తెలియకుండా. నేను బండి మీద పోతూ చెయ్యి ఎత్తేవాణ్ణి. ఇద్దరూ ఆగేవారు. నేను దగ్గరికి రానని తెలిసినా, చెయ్యి దించేదాకా కదిలేవారు కాదు.

పోయిన వానాకాలంలో మామ పోయాడు. నిద్రలోనే పోయాడట. పెద్ద దినానికి వెళ్ళాను. భోజనాలయ్యాక కూతురు పాకలో కూర్చుని గుర్రానికి ఉలవలు కలుపుతోంది. దాన్ని మాడుగుల తీసుకుపోతానంది. ఇంటి వెనక దొడ్డి ఉందట, ఏ పనీ చెప్పరట. మళ్ళీ ఖాళీ అయ్యే ఆ పాక వంక చూడలేకపోయాను. అలాంటప్పుడు నాకు వచ్చే విద్య ఒక్కటే.

"మీ నాన్న మా గట్టోడు మరదలా," అన్నాను. "గుర్రాన్ని తనుంచీసుకుని, ఉత్త జీను నా నెత్తినెట్టేడు."

ఆమె ఉలవల గిన్నెలోంచి తలెత్తలేదు.

"మరి నీ నెత్తికెక్కకపోతే, అది దీని ఈపు మీంచి దిగునా బావా?" అంది.